నల్ల గీతల గులాబీ రాయి

మా వదిన హైదరాబాద్ పత్థర్‌గట్టి వైపు ఒక సందులోంచి రెండు పూసల దండలు కొనుక్కొచ్చింది. రెండూ గులాబీ రంగువే. ఒకటి ఎక్కడా మచ్చ లేకుండా పీచుమిఠాయిలా ఒకే రంగులో ఉంది. రెండో దానిలో ప్రతి పూస మీదా సన్నటి నల్ల గీతలున్నాయి. కొన్ని పూసల మీద సిరా ఒలికినట్టు మచ్చలు కూడా ఉన్నాయి. దుకాణంలో రెండిటికీ ‘రోడోనైట్’ అనే పేరే చెప్పారట. గీతలున్న దండ ‘దాగ్ ఉన్న మాల్’ కాబట్టి ధర తగ్గించారు. మచ్చ లేనిదానికి దాదాపు రెట్టింపు తీసుకున్నారు.

“ఈ నల్లవి లోపమేనా? రేపు పెరిగిపోయి మిగతా రంగుని కూడా తినేస్తాయా?” అని అడిగింది వదిన.

డిగ్రీలో నేను జియాలజీ చదువుకున్నాను. గీతల దండ చేతిలోకి తీసుకోగానే బరువుగా అనిపించింది. మచ్చ లేనిది తేలిగ్గా ఉంది. పూసల సైజు చూస్తే రెండిటిలోనూ ఒకటే, లెక్క కూడా ముప్పై ఆరుకు ముప్పై ఆరు. అక్కడే నాకు అనుమానం మొదలైంది. ఆ సాయంత్రం వంటింట్లో కూర్చుని ఇద్దరం చేసిన పనులు, వదినకి నేను చెప్పిన సంగతులే ఈ వ్యాసం. మాంగనీస్ అనే లోహం ఉన్న గులాబీ రంగు రాళ్ల గురించి తెలుగులో రాసినవి చాలా తక్కువ. దొరికిన కాసినిలో కూడా రెండు వేరు వేరు ఖనిజాలను కలిపేసి రాస్తుంటారు. ముందు ఆ ముడి విప్పాలి.

రెండు రాళ్లు, ఒకే ఇంటిపేరు

గ్రీకులో ‘రోడాన్’ అంటే గులాబీ. ఆ మాటతో మొదలయ్యే మాంగనీస్ ఖనిజాలు రెండున్నాయి. ఒకటి రోడోనైట్, రెండోది రోడోక్రోసైట్. రోడోక్రోసైట్‌కి 1813లో హౌస్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. రోడోనైట్‌కి 1819లో యాషే అనే ఖనిజ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. రెండూ గులాబీ రంగే, రెండిటిలోనూ రంగునిచ్చేది మాంగనీసే, రెండూ నగల దుకాణాల్లో పక్కపక్కనే వేలాడుతుంటాయి. కలగాపులగం కాకపోతేనే ఆశ్చర్యం.

అసలు తేడా మాంగనీస్‌తో జత కట్టింది ఎవరన్న దానిలో ఉంది. రోడోనైట్‌లో మాంగనీస్ సిలికాతో కలిసింది. అంటే మన ఇసుకలో ఉండే పదార్థమే దాని తోడు. రోడోక్రోసైట్‌లో కార్బొనేట్‌తో కలిసింది. అంటే అది సున్నపురాయికి దగ్గరి చుట్టం. సున్నపురాయిలో కాల్షియం ఉండే చోట దీనిలో మాంగనీస్ కూర్చుంటుంది, అంతే. ఈ ఒక్క తేడా వల్ల రెండిటి స్వభావం పూర్తిగా మారిపోయింది.

ఖనిజాల గట్టితనాన్ని మోస్ స్కేలు మీద ఒకటి నుంచి పది దాకా కొలుస్తారు. టాల్కం పౌడర్ చేసే రాయి ఒకటి, వజ్రం పది. రోడోనైట్ గట్టితనం 5.5 నుంచి 6.5 దాకా ఉంటుంది, రోడోక్రోసైట్‌ది 3.5 నుంచి 4 మాత్రమే. మామూలు చాకు మొన రోడోక్రోసైట్ మీద సులువుగా గీత పెడుతుంది. రోడోనైట్ మీద అదే చాకు చాలాసార్లు జారిపోతుంది. రోడోక్రోసైట్ మీద గోరువెచ్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే బుడగలొస్తాయి, రోడోనైట్ మీద రావు. (బాత్రూంలు కడిగే యాసిడ్‌తో ఇంట్లో ఈ ప్రయోగం చేయకండి. కళ్లకీ చర్మానికీ ప్రమాదం, నగ కూడా పాడవుతుంది.)

కంటితో చూసి చెప్పగలిగే గుర్తులు కూడా ఉన్నాయి. గులాబీ మీద నల్లని వల పరిచినట్టుంటే అది రోడోనైట్ అయ్యే అవకాశం ఎక్కువ. గులాబీ, తెలుపు చారలు ఒకదాని చుట్టూ ఒకటి ఉల్లిపాయ పొరల్లా తిరిగి ఉంటే అది రోడోక్రోసైట్. అర్జెంటీనాలోని కపిల్లిటాస్ గనుల్లో ఈ చారల రాయి దొరుకుతుంది. దాన్ని ‘ఇంకా గులాబీ’ అంటారు, అక్కడి జాతీయ రత్నం అదే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో స్వీట్ హోమ్ అనే గనిలో చారలు లేని, ఎర్రగా మెరిసే స్ఫటికాలు దొరికాయి. 1992లో అక్కడ బయటపడ్డ ‘ఆల్మా కింగ్’ అనే పెద్ద స్ఫటికం ఇప్పుడు డెన్వర్ మ్యూజియంలో ఉంది. ఫొటోలో చూసినా అది రాయి అంటే నమ్మబుద్ధి కాదు, దానిమ్మ రసం గడ్డ కట్టినట్టుంటుంది.

ఈ రెండు రాళ్ల మధ్య మరో సంబంధం కూడా ఉంది. నాకు దీన్లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి అదే. సముద్రం అడుగున మాంగనీస్ కార్బొనేట్, ఇసుక కలిసి బురదగా పేరుకుంటాయి. కోట్ల ఏళ్లలో దాని మీద ఇంకెన్నో పొరలు పడి అది భూమి లోపలికి దిగిపోతుంది. అక్కడి వేడికి, ఒత్తిడికి కార్బొనేట్ విడిపోతుంది. బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, మిగిలిన మాంగనీస్ సిలికాతో కలిసి రోడోనైట్‌గా మారుతుంది. సున్నపు బట్టీలో జరిగేదే ఇక్కడా సగం జరుగుతుంది. అక్కడ గాలి పోయి సున్నం మిగులుతుంది, ఇక్కడ ఆ మిగిలినది పక్కనున్న ఇసుకతో జట్టు కడుతుంది. అంటే చాలాచోట్ల రోడోక్రోసైట్ తల్లి, రోడోనైట్ బిడ్డ. దుకాణంలో పక్కపక్కన వేలాడడంలో తప్పేమీ లేదు, పేర్లు మార్చి అమ్మితేనే తప్పు.

ఐదు పూలకొక మడత

రోడోనైట్ లోపల ఏముందో కాస్త చూద్దాం. ఒక సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు ఉండే చిన్న దిమ్మెలు ఒకదానికొకటి అంటుకుని పొడుగాటి గొలుసులవుతాయి. ఆ గొలుసుల మధ్య ఖాళీల్లో మాంగనీస్, కాస్త కాల్షియం, ఇనుము, మెగ్నీషియం వచ్చి కూర్చుంటాయి. గొలుసు నిటారుగా ఉండదు, మెలి తిరుగుతూ వెళుతుంది. ప్రతి ఐదు దిమ్మెలకోసారి అదే మెలిక మళ్లీ వస్తుంది.

గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో మల్లెదండ కట్టే వాళ్లని తలచుకోండి. ఐదు మల్లెలకోసారి ఒక కనకాంబరం వేసి కడితే ఒక రకం దండ. ఏడు మల్లెలకోసారి వేస్తే ఇంకో రకం. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి, దగ్గరికెళ్లి లెక్కపెడితేనే తేడా తెలుస్తుంది. ఖనిజాల్లోనూ అంతే. ఏడు దిమ్మెలకోసారి మెలిక తిరిగే గులాబీ రాయి కూడా ఉంది. దాన్ని పైరాక్స్‌మాంగైట్ అంటారు. చూపుకి, బరువుకి, గట్టితనానికి అది అచ్చం రోడోనైట్‌లా ఉంటుంది. ఎక్స్‌రేలతో లోపలి అమరిక చూస్తే తప్ప ఖాయంగా విడదీయలేం. నగల వ్యాపారంలో ఇంత లోతుకి ఎవరూ వెళ్లరు, వెళ్లనక్కర్లేదు కూడా. కానీ ఎవరైనా ‘వంద శాతం గ్యారంటీ రోడోనైట్’ అంటే, ఆ మాట చెప్పాలంటే ఎంత పరికరం కావాలో తెలిసి ఉండడం మంచిదే.

ఈ అమరిక వల్ల స్ఫటికానికి రెండు దిశల్లో నున్నగా చీలే గుణం వచ్చింది. ఆ రెండు చీలికలూ దాదాపు లంబకోణంలో ఉంటాయి. అందుకే పారదర్శకమైన రోడోనైట్ స్ఫటికాన్ని వజ్రంలా ముఖాలు చెక్కడం చాలా కష్టం, ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే చీలిపోతుంది. ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ అనే సీసం, జింకు, వెండి గనుల ఊరు ఉంది. అలాంటి స్ఫటికాలకి అదే పేరుపడ్డ చోటు. బ్రెజిల్‌లోనూ దొరికాయి. అవి దాచుకునేవాళ్లవే కానీ పెట్టుకునేవాళ్లవి కావు.

మనకి దొరికే పూసలు వేరు. లెక్కలేనన్ని చిన్న రేణువులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని గట్టి ముద్దగా ఏర్పడ్డ రోడోనైట్ అది. చీలిక ఏ ఒక్క దిక్కుకీ పోలేదు కాబట్టి ఆ ముద్ద దెబ్బకి ఓర్చుకుంటుంది, చక్కగా మెరుగు తీసుకుంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో జేడ్ అనే రాతితో చేసిన కత్తిపిడులు చూసినవాళ్లకి ఈ విషయం వెంటనే అర్థమవుతుంది. రేణువులు అల్లుకుపోయిన రాయి కాబట్టే దాన్ని అంత పలచగా చెక్కగలిగారు. ఆ ఓర్పులో జేడ్‌ది పై చేయి, అయినా రోడోనైట్ ముద్దది కూడా అదే తరహా బలం.

గులాబీ ఎలా వచ్చింది, నలుపు ఎలా వచ్చింది

ఇప్పుడు వదిన అడిగిన ప్రశ్న దగ్గరికొద్దాం.

రోడోనైట్‌లోని మాంగనీస్ రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితిలో ఉంటుంది. దాని బయటి అరల్లో ఐదు ఎలక్ట్రాన్లు మిగిలాయి, అక్కడ ఉన్న అరలు కూడా ఐదే. సిటీ బస్సులో ఐదు జంట సీట్లు ఖాళీగా ఉండి ఐదుగురు ఎక్కితే ఏం చేస్తారు? తలా ఒక సీటులో ఒంటరిగా కూర్చుంటారు. ఎలక్ట్రాన్లూ అలాగే కూర్చున్నాయి, అన్నీ ఒకే వైపు తిరుగుతూ. కాంతిని మింగి ఏదైనా ఒకటి లేచి వెళ్లాలంటే ఇంకొకరి పక్కనే కూర్చోవాలి. అలా జంటగా కూర్చోవాలంటే తన తిరుగుడు దిశ మార్చుకోవాలి. ఒక్క కాంతి రేణువు మింగి ఆ పని చేయడం క్వాంటం నియమాల ప్రకారం దాదాపు నిషిద్ధం. దాదాపు అన్నాను, ఎందుకంటే కొద్దిగా మాత్రం జరుగుతూనే ఉంటుంది. ఆ కొద్ది మేరకే నీలం, ఆకుపచ్చ కాంతులు రాయిలో ఇంకిపోతాయి, మిగిలింది లేత గులాబీగా మన కంటికి చేరుతుంది. ఈ రంగులోని మెత్తదనం అంతా ఆ నియమం వల్లే.

అదే మాంగనీస్ ఏడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుంటే పొటాషియం పర్మాంగనేట్ అవుతుంది. ఊళ్లో బావి నీళ్లు శుభ్రం చేయడానికి చిటికెడు వేస్తే బావంతా గులాబీ ఊదా రంగెక్కేది గుర్తుందా? అక్కడ ఎలక్ట్రాన్ ఆక్సిజన్ దగ్గర్నుంచి మాంగనీస్ మీదికి దూకుతుంది, ఆ దూకుడుకి అలాంటి నిషేధమేమీ లేదు. అందుకే చిటికెడుకే అంత రంగు.

ఈ రెండిటి నడుమ నాలుగు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితి ఒకటుంది. అదే నలుపు. రోడోనైట్ నేలపైకి దగ్గరగా వచ్చాక వాననీరు, దానిలో కరిగిన ఆక్సిజన్ పగుళ్ల వెంట లోపలికి దిగుతాయి. అవి తాకినచోట మాంగనీస్ ఇంకో రెండు ఎలక్ట్రాన్లు వదులుకుని నల్లని ఆక్సైడ్‌గా మారుతుంది. కోసిన వంకాయ ముక్క నీళ్లలో వేయకపోతే నల్లబడుతుంది కదా. అక్కడ పనిచేసే పదార్థాలు వేరు, కానీ నలుపు తెచ్చేది అక్కడా ఆక్సిజనే. నీరు పగుళ్ల దారినే పోతుంది కాబట్టి నలుపు గీతలుగా, వలగా కనిపిస్తుంది. ఒక్క రాయిలో ఒకే మూలకం గులాబీగానూ, నల్లగానూ ఉంది. ఆ నల్ల గీతలు లోపం కావు, ఆ రాయి ఎవరో చెప్పే సాక్షులు.

హైదరాబాద్‌లో బోరు నీళ్లు వాడే చాలామంది ఈ మార్పుని రోజూ చూస్తూనే ఉంటారు, కారణం తెలియకపోవచ్చు. భూమి లోపల ఆక్సిజన్ తక్కువ కాబట్టి నీటిలో మాంగనీస్ రంగు లేకుండా కరిగి ఉంటుంది. ట్యాంకులోకి వచ్చి గాలి తగిలాక మెల్లగా నల్లని పొరగా గోడలకి, బకెట్లకి పట్టేస్తుంది. ఎర్రటి తుప్పు రంగు మరక అయితే ఇనుము, నల్లటి మరక అయితే చాలాసార్లు మాంగనీస్. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో మాంగనీస్ లీటరుకి 0.1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీటి వనరు లేనిచోట 0.3 దాకా ఒప్పుకుంటారు. నల్ల మరక పడుతుంటే ఒకసారి నీళ్లు పరీక్ష చేయించడం మంచిది.

ఇంట్లో పరిచిన తాండూరు, షాబాదు బండల మీద ఎప్పుడైనా చెట్టుకొమ్మ అచ్చు పడినట్టు నల్లటి బొమ్మ కనిపిస్తే దాన్ని ఆకు శిలాజం అనుకుంటారు. అది సాధారణంగా మాంగనీస్ ఆక్సైడే. పొరల మధ్య నీరు పాకిన దారిలో అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది.

వదిన రెండో ప్రశ్నకి జవాబు కూడా దీనిలోనే ఉంది. దండ మెడలోనో పెట్టెలోనో ఉన్నంత కాలం ఆ గీతలు మన కంటి ముందు పెరగవు. ఎండకీ వానకీ ఏళ్ల తరబడి వదిలేసిన రాయి అయితే పైపొర గోధుమ రంగుకి, ఆపై నలుపుకి తిరుగుతుంది.

వంటింటి తక్కెడ చెప్పింది

రంగుని నమ్మకూడదంటే మరి దేన్ని నమ్మాలి? ముందు బరువుని. రోడోనైట్ అదే పరిమాణం ఉన్న నీటికంటే దాదాపు మూడున్నర రెట్లు బరువు. క్వార్ట్‌జ్ (పలుగురాయి) 2.65 రెట్లు మాత్రమే. ప్లాస్టిక్ రెసిన్ అయితే నీటికంటే కొంచెం మాత్రమే ఎక్కువ.

మేం చేసిన పని ఇది. దండలు విప్పి, లోహపు కొక్కేలు తీసేసి, పూసలన్నీ సన్నటి దారానికి గుచ్చాం. గీతల దండ పూసలు 66 గ్రాములు, మచ్చ లేనివి 50 గ్రాములు తూగాయి. తర్వాత డిజిటల్ తక్కెడ మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేశాం. గీతల పూసలని దారంతో పట్టుకుని, అడుగు తాకకుండా నీళ్లలో వేలాడదీశాం. తక్కెడ 19 గ్రాములు చూపింది. అంటే ఆ పూసలు పక్కకి తోసిన నీరు 19 గ్రాములన్నమాట. 66ని 19తో భాగిస్తే సుమారు 3.5. మచ్చ లేని పూసలకి కూడా 19 గ్రాములే వచ్చింది. 50ని 19తో భాగిస్తే సుమారు 2.6. పూస రంధ్రాల్లో గాలి బుడగలు ఇరుక్కుంటే లెక్క తప్పుతుంది కాబట్టి నీళ్లలో ఒకసారి ఊపాలి. మా తక్కెడ ఒక్కో గ్రాము వరకే చూపుతుంది. ఆ మాత్రం తేడా కలుపుకున్నా ఆ రెండు దండలూ ఒకే రాయి కావడానికి వీల్లేదు.

మచ్చ లేని దండ క్వార్ట్‌జ్ రాయి, పైగా రంగు వేసింది. గోళ్ల రంగు తుడిచే ద్రవం దూదికి అద్ది ఒక పూసని రుద్దితే దూది గులాబీ అయింది. భూతద్దంతో చూస్తే పగుళ్లలో రంగు ఇంకా చిక్కగా పేరుకుని ఉంది. ఇదొక మంచి గుర్తు. నిజమైన రోడోనైట్‌లో పగుళ్లు నల్లగా ఉంటాయి, రంగు వేసిన రాయిలో పగుళ్లు ముదురు గులాబీగా ఉంటాయి. వదినకి ఒక్క క్షణం బాధ కలిగింది. ఎక్కువ డబ్బు పెట్టింది దానికే కదా.

గట్టితనం ఒక్కటే చూసి ఉంటే మోసపోయేవాళ్లం. క్వార్ట్‌జ్ గట్టితనం 7, రోడోనైట్ కంటే ఎక్కువ. ‘చాకుతో గీయండి, గీత పడదు, అంటే అసలుదే’ అని కొందరు దుకాణాల్లో చూపిస్తారు. ఆ పరీక్షలో నకిలీ ఇంకా బాగా నెగ్గుతుంది. బరువు పరీక్షకి కూడా హద్దుంది. రోడోక్రోసైట్ సాంద్రత సుమారు 3.7, మాలిన్యాలుంటే తగ్గుతుంది. కాబట్టి అది రోడోనైట్‌తో కలిసిపోతుంది. ఆ రెండిటినీ విడదీయాలంటే గట్టితనం చూడాలి, అదీ రంధ్రం అంచున కనపడని చోట. నల్ల గీతలు గీసిన గాజు, రెసిన్ పూసలు కూడా బజార్లో ఉంటాయి. గీతా, బరువూ రెండూ కలిస్తేనే ధైర్యంగా ఒక మాట అనగలం. ఖరీదైన వస్తువైతే రత్నాల ల్యాబ్‌లో వక్రీభవన గుణకం, అంటే రాయిలో కాంతి ఎంత వంగుతుందో చెప్పే అంకె, చూపించుకోవాలి. రోడోనైట్‌కి అది 1.71 నుంచి 1.75 మధ్య ఉంటుంది, క్వార్ట్‌జ్‌కి 1.54 నుంచి 1.55.

“మన బంజారాహిల్స్ రాళ్లు కూడా గులాబీవే కదా, వాటిలోనూ మాంగనీసేనా?” అని మధ్యలో అడిగింది వదిన. కాదు. గోల్కొండ, మౌలాలి, బంజారాహిల్స్ గుట్టల గ్రానైట్ సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. దానిలోని గులాబీ పొటాషియం ఫెల్డ్‌స్పార్‌ది, ఆ ఖనిజానికి రంగునిచ్చేది సూక్ష్మమైన ఇనుప ఆక్సైడ్ రేణువులు. ఫెల్డ్‌స్పార్ గట్టితనం 6, సరిగ్గా రోడోనైట్ స్థాయే. మళ్లీ బరువే కాపాడుతుంది. ఫెల్డ్‌స్పార్ నీటికంటే 2.56 రెట్లు మాత్రమే.

కోడూరు నుంచి మాస్కో దాకా

తెలుగు నేలకి మాంగనీస్‌తో పాత చుట్టరికం ఉంది. మన దేశంలో మాంగనీస్ తవ్వకం 1890ల ఆరంభంలో అప్పటి విశాఖపట్నం జిల్లాలో మొదలైంది. గరివిడి, గర్భాం, కోడూరు ఆ గనుల ఊళ్లు. ఈ కోడూరు విజయనగరం వైపుది, కడప రైల్వే కోడూరు కాదు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మర్ ఆ ప్రాంతపు ఒక విచిత్రమైన రాయికి ఆ ఊరి పేరు మీదే ‘కోడురైట్’ అని పేరు పెట్టాడు. 1909లో భారత మాంగనీస్ నిక్షేపాల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. పొటాషియం ఫెల్డ్‌స్పార్, మాంగనీస్ ఉన్న గోమేధికం జాతి గార్నెట్, అపటైట్ కలిసిన రాయి కోడురైట్. ఒక తెలుగు ఊరి పేరు ప్రపంచ భూగర్భశాస్త్ర నిఘంటువుల్లోకెక్కింది. ఇది బడి పుస్తకాల్లో ఉండాల్సిన మాట అని నేను గట్టిగా అనుకుంటాను. మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో బాలాఘాట్, భండారా, నాగపూర్ వైపు ‘గొండైట్’ అనే మరో మాంగనీస్ రాయి ఉంది. గోండు జనం పేరుతో ఫెర్మరే దానికి పేరు పెట్టాడు. ఆ మేఖలలో గార్నెట్, క్వార్ట్‌జ్‌లతో పాటు రోడోనైట్ కూడా దొరుకుతుంది. అప్పట్లో సెంట్రల్ ప్రావిన్సెస్ అనే ఆ ప్రాంతపు మాంగనీస్‌కి సముద్రం చూపించడమే 1933లో విశాఖ ఓడరేవు తెరవడానికి ఒక పెద్ద కారణం.

మరి రోడోనైట్‌నే కరిగించి మాంగనీస్ తీయొచ్చు కదా? కాగితం మీద లెక్క వేస్తే స్వచ్ఛమైన మాంగనీస్ సిలికేట్‌లో దాదాపు 42 శాతం లోహముంది. రోడోక్రోసైట్‌లో 48 శాతం, పైరోలూసైట్ అనే నల్లటి మాంగనీస్ ఆక్సైడ్‌లో 63 శాతం. కానీ సిలికా పట్టు గట్టిది, దాన్ని విడదీయడానికి ఎక్కువ ఇంధనం కావాలి, కొలిమిలో చిట్టెం ఎక్కువ పడుతుంది. అందుకే రోడోనైట్‌ని ఖనిజంగా పెద్దగా వాడరు. రోడోక్రోసైట్‌ని మాత్రం కొన్నిచోట్ల వాడారు. అమెరికాలో బ్యూట్ గనుల్లో దాని నుంచే మాంగనీస్ తీశారు.

అయినా రోడోనైట్ వృథా పోదు. వేడి, వాన ఎక్కువున్న నేలల్లో అది లక్షల ఏళ్లు నానుతుంది. సిలికా మెల్లగా కొట్టుకుపోయి పైన నల్లటి ఆక్సైడ్ మిగులుతుంది. ఆ నల్ల టోపీనే గని కార్మికులు తవ్వేది. విజయనగరం, శ్రీకాకుళం గనుల్లో ఖనిజం చాలావరకు ఇలా మాంగనీస్ సిలికేట్లు శిథిలమవగా మిగిలిందే. పూస మీద సన్నటి గీతగా మొదలైన పనే, కొండంత ఎత్తున జరిగితే గని అవుతుంది. అక్కడ తవ్వి తీసిన మాంగనీస్‌లో అత్యధిక భాగం ఉక్కులోకి పోతుంది. 1882లో హాడ్‌ఫీల్డ్ అనే ఇంగ్లిష్ లోహశాస్త్రవేత్త కనిపెట్టిన ఉక్కులో మాంగనీస్ 12 శాతం పైన ఉంటుంది, దెబ్బ తగిలేకొద్దీ ఆ ఉక్కు గట్టిపడుతుంది. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట్ల దాన్నే వాడతారు.

రాయిగా రోడోనైట్‌కి అసలైన గౌరవం దక్కింది రష్యాలో. యూరల్ కొండల్లో యెకతెరిన్‌బర్గ్ దగ్గర పెద్ద పెద్ద దిమ్మెలు దొరికాయి. అక్కడి జనం దాన్ని ‘ఓర్లెత్స్’ అంటారు, అంటే గద్దరాయి. గద్దలు దీన్ని గూట్లోకి తెచ్చుకుంటాయని వాళ్ల నమ్మకం. జార్ రెండో అలెగ్జాండర్ భార్య మరియా అలెగ్జాండ్రోవ్‌నా సమాధి పేటికని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఈ రాయితోనే చెక్కారు. 1938లో తెరిచిన మాస్కో మాయాకోవ్‌స్కయా మెట్రో స్టేషన్ స్తంభాల అంచుల్లో కూడా ఇదే రాయి ఉంది. అక్కడ కూడా నల్ల గీతలని దాచలేదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1979లో దీన్ని తన రత్నంగా ప్రకటించుకుంది.

మన నవరత్నాల్లో మాత్రం దీనికి చోటు లేదు. జాతకం పేరుతో ఎవరైనా దీన్ని అంటగట్టాలని చూస్తే శాస్త్రం రాసినవాళ్లే దీన్ని లెక్కలోకి తీసుకోలేదని గుర్తు చేయండి. గుండెకి మంచిది, టెన్షన్ తగ్గిస్తుంది అని కూడా అమ్ముతుంటారు. వైద్యపరంగా దానికి ఆధారం లేదు. అందంగా ఉందని పెట్టుకోవడానికి ఇంకో కారణం అక్కర్లేదు. మెరుగు పెట్టిన పూసలు ఒంటికి తగిలితే హాని లేదు. కోసేవాళ్లకే జాగ్రత్త అవసరం. మాంగనీస్, సిలికా ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే నరాలకి, ఊపిరితిత్తులకి దెబ్బ. తడిపెట్టి కోయాలి, మాస్కు కట్టుకోవాలి.

పెట్టుకునేవాళ్లకి కొన్ని మాటలు. మన ఊరి దుమ్ములో గ్రానైట్ నుంచి రాలిన క్వార్ట్‌జ్ నలుసులుంటాయి, వాటి గట్టితనం 7. పొడిగుడ్డతో గట్టిగా తుడిస్తే రోడోనైట్ మెరుగు మెల్లగా పోతుంది, రోడోక్రోసైట్ మెరుగు తొందరగా పోతుంది. ముందు మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో అద్దాలి. వెండి నగలని చింతపండు, నిమ్మరసంతో తోమే అలవాటున్న ఇళ్లలో రోడోక్రోసైట్ పొదిగిన వెండి ఉంటే ఆ పులుపు రాయికి తగలనివ్వకండి. రోడోక్రోసైట్ ఉంగరానికి పనికిరాదు, లాకెట్‌కో చెవిపోగుకో మంచిది.

వదిన రెండు దండల్నీ మళ్లీ గుచ్చుకుంది. గీతల దండకి ఈసారి నడుమ నడుమ ముత్యాలు వేసింది. నల్ల గీతలు బాగా కనిపించేలా, మచ్చ పెద్దగా ఉన్న పూసని ఏరి సరిగ్గా మధ్యలో పెట్టింది.